కాటా వైపు తిరగండి

ఏప్రిల్ 10

పెళ్లయ్యాక కిరాణా చీటీలు తప్ప నేను ఏమీ రాయలేదు. ఇప్పుడు కలం పట్టడానికి కారణం మా తమ్ముడి కూతురు సాహితి. బెజవాడలో సైకాలజీ ఎమ్మే చదువుతోంది. పరీక్షలకు ప్రశాంతంగా చదువుకోవాలని మా ఇంటికి వచ్చింది. నూజివీడులో, మామిడి సీజన్లో, మా కాయల షెడ్డు పక్క ఇంట్లో ప్రశాంతత! రసాల కోసం వచ్చిందని నాకు తెలుసు. నాకు తెలుసని దానికీ తెలుసు.

వరండాలో తిరుగుతూ పైకి చదువుతుంది. ఇవాళ చదివింది ఇది. మనం సాధించాలనుకున్న సంగతి నలుగురికీ చెప్పేస్తే వాళ్లు "అబ్బో!" అంటారట. ఆ అబ్బోతోనే మనసుకి కడుపు నిండిపోతుందట. ఇక అసలు పని చెయ్యబుద్ధి కాదట.

"అందుకే అత్తా, గోల్ ఎవరికీ చెప్పకూడదు" అంది టెంక చీకుతూ.

పప్పులో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. నాకు ఒక గోల్ ఉంది. రేపు మధ్యాహ్నం షెడ్డులో వెంకాయమ్మకి చెప్పేద్దామనుకుంటున్నాను కూడా. ఎంత ప్రమాదం తప్పింది! కానీ చెప్పకుండా ఉంటే నిద్ర పట్టేలా లేదు. అందుకని పురుగుమందుల కంపెనీ వాళ్లు మా ఆయనకి ఇచ్చిన డైరీ తీశాను. కాగితం "అబ్బో" అనదు కదా.

నాకు విజిల్ కావాలి.

రాశాక చూస్తే నవ్వొస్తోంది. సరిగ్గా రాస్తాను. మా కోలాటం జట్టుకి గురువు భాగ్యవతి గారు. వైశాఖ పౌర్ణమికి స్వామివారి రథం ముందు ఆడతాం. ఆవిడ మధ్యలో నిలబడి విజిల్ ఊదితే అందరం కోపు మారుస్తాం, ఒక వరస అడుగుల్లోంచి ఇంకో వరసలోకి. నేను జట్టులో చేరినప్పటి నుంచీ వెనక వరసలోనే ఉన్నాను. నేను "కాస్త జరగండి" అంటే పక్కనున్నవాళ్లు "ఏంటండీ?" అంటారు. నా గొంతు అటువంటిది. కానీ విజిల్‌కి గొంతుతో పని లేదు. ఊపిరి ఉంటే చాలు. నాకు ఊపిరి ఉంది. ఒక్క ఏడు రథం ముందు, మధ్యలో నిలబడి, నేను ఊదితే అందరూ తిరగాలి.

ఇది పేరు కోసం కాదు. స్వామి సేవ.

ఏప్రిల్ 11

నిన్నటిది మళ్లీ చదివాను. సేవే. నిజంగా సేవే.

ఏప్రిల్ 15

గుడి మండపంలో గచ్చు తవ్వేశారు. ఈ ఏడు ప్రాక్టీసుకి చోటు లేదు. మా షెడ్డులో ఆడుకోమని ఈయనే అన్నారు. సాయంత్రం పూట కాయలు వేలం అయిపోయి, లారీలు లోడయ్యే లోపు కొంచెం ఖాళీ ఉంటుంది. ట్రేలు ఒక పక్కకి నెట్టి, గడ్డి ఊడ్చి, మొదలుపెట్టాం.

కుడి, ఎడమ అంటే మాలో సగం మంది తినే చెయ్యి ఏదో ఒకసారి చూసుకుంటారు. అందుకని భాగ్యవతి గారు షెడ్డు గుర్తులు పెట్టారు. ఎదురుగోడ మీద వెంకటేశ్వరస్వామి పటం. పటానికి ఎడమ పక్క కాయలు తూచే కాటా, కుడి పక్క గడ్డి. "పటం వైపు! కాటా వైపు! గడ్డి వైపు!" అని అరిచి విజిల్ ఊదుతారు. బ్రహ్మాండంగా కుదిరింది. ఒక్కరు కూడా చెయ్యి చూసుకోలేదు.

ఆఖర్న ఆవిడ ట్రే మీద కూలబడి మోకాలు పట్టుకున్నారు.

"నాకు తిరగడం అయ్యేలా లేదు. రథం రోజు నేను మైకు దగ్గర కూచుని పాడతాను. ఆడించడం ఎవరైనా తీసుకోండి" అన్నారు. "అన్నపూర్ణ గారూ, మీరు తీసుకుంటారా?"

"అబ్బే, నాకెందుకండీ" అన్నాను.

ఏప్రిల్ 16

నాకెందుకండీ! నాకెందుకండీ! నాకెందుకండీ!

ఏప్రిల్ 18

ఉదయం పూజలో స్వామిని అడిగాను. భాగ్యవతి గారి మోకాలు నయం చెయ్యి తండ్రీ. కానీ నెమ్మదిగా చెయ్యి. పౌర్ణమి వెళ్లాక అయినా పరవాలేదు.

తర్వాత సిగ్గేసి ఇంకో కొబ్బరికాయ కొట్టాను.

సాయంత్రం ఆవిడ మళ్లీ అందరినీ అడిగారు. ఎవరూ ముందుకి రాలేదు. అప్పుడు వెంకాయమ్మ, మా షెడ్డులో కాయలు ఏరే వెంకాయమ్మ, కోలాటంలో నా పక్కన నిలబడుతుంది, కోలతో నా వీపు మీద పొడిచింది.

"ఈ అమ్మగారికియ్యండి. పాటంతసేపూ ఆ విజిల్ వంకే చూస్తా ఉంటది. నేను రసం కాయ వంక కూడా అట్టా చూడను."

అందరూ గొల్లుమన్నారు. నేను తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, నిలువుగా ఊపాను. నాకే తెలియకుండా. అయిపోయింది. నేనే!

రాత్రి ఈయనకి అన్నం వడ్డిస్తూ రెండుసార్లు నవ్వాను. "ఏంటి?" అన్నారు. "ఏం లేదండీ" అన్నాను.

ఏప్రిల్ 21

ఆడించడం ఇచ్చారు కానీ భాగ్యవతి గారు తన విజిల్ ప్రాక్టీసులో మాత్రమే ఇస్తారు, అవగానే మెళ్లో వేసుకుని వెళ్లిపోతారు. ఇంట్లో ప్రాక్టీసు చెయ్యాలి కదా. ఫ్యాన్సీ షాపుకి వెళ్లాను.

"ఎవరికండీ, మనవడికా?"

"మా ఆయనకండి. లారీలకి."

అబద్ధం ఇంత సులువుగా వస్తుందని తెలియదు. తెచ్చి పసుపునీళ్లతో కడిగి, ఎర్రదారం కట్టి, స్వామి పాదాల దగ్గర పెట్టాను. సేవకి వాడే వస్తువు కదా.

ఇంకో ఏర్పాటు కూడా చేశాను. ఆవిడ లాగా అరవడం నావల్ల కాదు. ఒకసారి ఊదితే పటం వైపు. రెండుసార్లు ఊదితే కాటా. మూడుసార్లు ఊదితే గడ్డి. జట్టుకి చెప్పాను. అంటే వెంకాయమ్మ చెవిలో చెప్పాను, ఆమె జట్టుకి చెప్పింది. సాయంత్రానికే అందరికీ వచ్చేసింది. ఇక నేను పెదవి విప్పక్కర్లేదు!

ఏప్రిల్ 24

సాహితి ఇవాళ చదివింది చాలా ఉపయోగపడేది. గెలిచినట్టు కలలు కనడం కంటే, ఏది అడ్డం వస్తుందో ముందే అనుకుని, "ఇలా అయితే, అప్పుడు ఇలా చేస్తాను" అని రాసిపెట్టుకోవాలట. అప్పుడు ఆలోచించే పని లేకుండా ఒంటికి అదే గుర్తొస్తుందట.

"నీకెందుకు అత్తా ఇవన్నీ?" అంది.

"ఊరికే. వింటున్నాను" అన్నాను.

రాస్తున్నాను.

నోరు ఎండిపోతే, అప్పుడు బుగ్గన ఉసిరిముక్క.
కోపు మర్చిపోతే, అప్పుడు వెంకాయమ్మ పాదాలు చూడటం.
భయం వేస్తే, అప్పుడు స్వామి వంక చూడటం.

ఇంకేం అడ్డం వస్తుంది? నాకేమీ తోచడం లేదు.

ఏప్రిల్ 27

ఇవాళ ఘోరం చేశాను. నవ్వు కూడా వస్తోంది. స్వామీ, నవ్వు రాకూడదు.

ఇంట్లో ఊదితే సాహితి వింటుంది. అందుకని మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్లినప్పుడు షెడ్డు వెనక గడ్డివామి చాటున నిలబడి విజిల్ నోట పెట్టుకున్నాను. ఎవరూ లేరు. గట్టిగా, రెండుసార్లు. కాటా వైపు. ఎంత హాయిగా ఉందో! ఒంట్లోంచి ఏదో పిట్ట ఎగిరిపోయినట్టు ఉంది. మళ్లీ రెండుసార్లు. ఇంకా గట్టిగా.

అప్పుడు ధనధనమని చప్పుడు.

గుమ్మం దగ్గర డ్రైవర్ అప్పారావు లారీ వెనక్కి పెట్టడానికి, క్లీనరు ఊదే విజిల్ కోసం ఎదురుచూస్తూ ఉన్నాడట. విజిల్ వినిపించింది, రివర్స్ కొట్టాడు. మళ్లీ వినిపించింది, ఇంకా కొట్టాడు. కలెక్టర్ రకం మామిడికాయల ట్రేలన్నీ కూలిపోయాయి. షెడ్డు నిండా కాయలు దొర్లుతున్నాయి. అన్నం చేత్తోనే మా ఆయన పరిగెత్తుకొచ్చారు.

"కళ్లు నెత్తికెక్కినయ్యా?"

"విజిల్ ఇన్నానండీ! నా బిడ్డ మీద ఒట్టు! రెండుసార్లు ఇన్నా!"

"ఎవడు ఊదాడు? క్లీనరు హోటల్లో ఉన్నాడు కదరా! దెయ్యం ఊదిందా?"

నేను చటుక్కున విజిల్ గడ్డిలోకి తోసేసి, పమిట సర్దుకుని, అప్పుడే వచ్చినట్టు వచ్చాను. ఈయన నా వంక చూశారు.

"అన్నపూర్ణా, నువ్వేమన్నా విన్నావా?"

"లేదండీ" అన్నాను.

నన్ను ఎవరు అనుమానిస్తారు? ఇన్నేళ్లూ మెల్లగా మాట్లాడినందుకు ఇది ఒక్కటే లాభం.

నయం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాయలు కూడా గట్టివి, ఊరగాయ కంపెనీ వాళ్లు తీసుకున్నారు. అప్పారావుని పిలిచి ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యితో అన్నం పెట్టాను. "అమ్మగారూ, మీ ఒక్కరికే నా మీద నమ్మకం" అన్నాడు కళ్లనీళ్లు పెట్టుకుని. ఇంకో గరిటె నెయ్యి వేశాను.

ఏప్రిల్ 28

ఇవాళ రాయడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 30

అక్షయ తృతీయ. పూజ అయ్యాక షెడ్డు వెనక్కి వెళ్లాను విజిల్ కోసం. గడ్డి లేదు. వామి మొత్తం ఖాళీ. వెంకాయమ్మని అడిగితే "నిన్న నాగపూర్ లోడుకి పరిచేశాం కదమ్మగారూ, కాయల కింద" అంది.

నా విజిల్ బంగినపల్లి కాయలతో నాగపూర్ పోతోంది. అక్కడ ఏ పెద్దమనిషో పండు తీసుకుందామని చెయ్యి పెడితే... ఇక రాయలేను. నవ్వుతో పొట్ట నొప్పిగా ఉంది.

మే 5

సాహితి ఇవాళ భయపెట్టింది. బాగా వచ్చిన పనిని జనం ముందు చేస్తే ఇంకా బాగా చేస్తామట. సరిగ్గా రానిదాన్ని జనం ముందు చేస్తే ఇంకా పాడుచేస్తామట. నాకు బాగా వచ్చా, సరిగ్గా రాదా? సాయంత్రం షెడ్డులో ఒక్క తప్పు లేకుండా ఆడించాను. భాగ్యవతి గారి విజిల్‌తో. ఆవిడ మోకాలి మీద తాళం వేస్తూ "అన్నపూర్ణ గారూ, మీలో ఇంత ఉందని తెలియదండీ" అన్నారు.

బాగా వచ్చు. బాగా వచ్చు.

మే 11

రేపే. విజిల్ భాగ్యవతి గారు రథం దగ్గరికే తెచ్చి ఇస్తానన్నారు. ఆకుపచ్చ చీరా, పసుపు చీరా? స్వామి అలంకారం ముఖ్యం కానీ నాది కాదు. పసుపు. అద్దంలో ముందు నుంచి చూసుకున్నాను. ఇన్నేళ్లూ జనానికి నా వీపే తెలుసు. ముందు నుంచి కూడా పరవాలేదు.

మే 13

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు వరసగా రాస్తాను, లేకపోతే మధ్యలోనే నవ్వేస్తాను.

రథం బయలుదేరే ముందు మేము రోడ్డు మధ్యలో గుండ్రంగా నిలబడ్డాం. నేను మధ్యలో. మా వీధివాళ్లు, షావుకార్లు, షెడ్లలో లారీలు నింపే ముఠావాళ్లు, అందరూ ఉన్నారు. ఈయన భుజాన కండువాతో రథం పక్కన నిలబడి ఉన్నారు. భాగ్యవతి గారు విజిల్ తీసి నా మెళ్లో వేశారు. నోట పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడు గుడి కమిటీ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, విజిల్ వద్దు! రథం దగ్గర విజిల్ మా వాళ్లదే. అది వింటే తాళ్లు లాగేవాళ్లు లాగేస్తారు. మీరు ముందే ఉంటారు, చక్రాలు మీ మీదికి వస్తాయి."

భాగ్యవతి గారు వాదించారు. నిరుటి దాకా తను ఊదలేదా, ఈసారే కొత్తగా రూలా అని. నేను వాదించలేదు. విజిల్ వింటే బండి కదులుతుందన్న సంగతి ఈ భూమ్మీద నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మెళ్లోంచి తీసి ఇచ్చేశాను.

"మరి ఎట్టాగండీ?" అంది వెంకాయమ్మ.

"నోటితో చెప్పండమ్మా" అన్నాడు కమిటీ ఆయన, అదేదో సులువైన పని అన్నట్టు.

మైకులో పాట మొదలైంది. మొదటి కోపు బాగానే నడిచింది. ఇక మార్చాలి. నోరు తెరిచాను. ఏదో వచ్చింది. దగ్గరున్నవాళ్లకి వినిపించింది.

"కాటా వైపు."

వాళ్లు వెనకవాళ్లకి అందించారు. "కాటా వైపంట! కాటా వైపు!" అందరూ తిరిగారు. తలొక వైపు! రోడ్డు మీద కాటా లేదు కదా. కొందరు సోడాబండి వైపు తిరిగారు, కొందరు పూలకొట్టు వైపు. ఒకామె ఏకంగా షెడ్డు ఎటుందా అని గుర్తుచేసుకుని మా ఇంటి వైపు తిరిగింది. కోలలు కోలలకి కాకుండా మోచేతులకి తగిలాయి. వెంకాయమ్మ కోల వెళ్లి బాజా ఆయన డోలు మీద పడి ఢమ్మంది.

"ఇక్కడ కాటా ఎక్కడుందమ్మగారూ!" అని అరిచింది.

జనం పగలబడి నవ్వారు. వెనక వరసలోకి వెళ్లిపోదామనుకున్నాను. అయితే గుండ్రం మధ్యలో ఉన్నవాళ్లకి వెనక వరస ఉండదు. భయం వేసింది. భయం వేస్తే, అప్పుడు స్వామి వంక చూడటం. ఆలోచించలేదు. రాసిపెట్టుకున్నాను కాబట్టి మెడ దానంతట అదే తిరిగింది.

రథం మీద స్వామి. పూలలో, ముఖం మీద దీపాల వెలుగు. మా ఎదురుగా.

షెడ్డులో పటం కూడా ఎదురుగానే ఉంటుంది!

"ఇదిగో పటం!" అన్నాను. ఎవరికీ వినబడలేదు. అందరూ నవ్వుతున్నారు. అప్పుడు ఏమైందో నాకు తెలియదు. గడ్డివామి చాటున ఎగిరిపోయిన పిట్ట మళ్లీ వచ్చినట్టుంది. కోల ఎత్తి రథం వైపు చూపించి,

"స్వామే పటం! పటం వైపు తిరగండి!"

అది నా గొంతే. మైకు లేకుండా. పాట పాడుతున్న భాగ్యవతి గారు ఒక చరణం మింగేశారు. అందరూ ఒక్కసారిగా స్వామి వైపు తిరిగారు. పటం దొరికాక ఇక కాటా వెతుక్కోనక్కర్లేదు. దాని చోట అది ఉంది, పటానికి ఎడమ పక్క, సోడాబండి దగ్గర. "కాటా వైపు!" అన్నాను. అందరూ ఒక్కలాగే సోడాబండికి దణ్ణం పెట్టినట్టు వంగారు. సోడాబండి ఆయన కంగారుపడి తనూ దణ్ణం పెట్టాడు. "గడ్డి వైపు!" పూలకొట్టు. మూడో చుట్టు తిరిగేసరికి జనం కూడా నాతో పాటు అరుస్తున్నారు. "పటం వైపు! కాటా వైపు! గడ్డి వైపు!" నూజివీడులో ఆ మాటలు ఎవరికి తెలియవు! కమిటీ ఆయన కూడా అరిచాడు. ముఠావాళ్లయితే రథం తాళ్లు పట్టుకునే చిందులు వేశారు.

ఎంతసేపు ఆడించానో తెలియదు. ఉసిరిముక్క బుగ్గలో అలాగే ఉండిపోయింది.

నేను ముందు నిలబడాలనే అనుకున్నాను. సేవ అని రాశాను కానీ అది పూర్తిగా నిజం కాదు. స్వామికి తెలుసు. అయినా చోటిచ్చాడు.

మే 14

గొంతు బొంగురుపోయింది. ఎంత సంతోషమో! నేను అరిస్తే గొంతు పోయేంత గొంతు నాకు ఉందన్నమాట.

సాహితి మిరియాల పాలు తెచ్చి పక్కన కూచుంది.

"అత్తా, ఎక్కడ నేర్చుకుంటే ఆ చోటుకీ ఆ పనికీ ముడి పడిపోతుంది. చోటు మారితే తడబడతాం. అందుకే మొన్న అలా అయింది. పుస్తకంలో ఉంది."

"ముందే చెప్పొచ్చు కదే!"

"అది ఆఖరి యూనిట్. ఇంకా తెరవలేదు."

"పరీక్ష ఎప్పుడు?"

"సోమవారం" అంది, రసం పిండుకుంటూ.

మే 16

మధ్యాహ్నం భోజనం దగ్గర ఈయన ఫోను పక్కన పెట్టి, పెరుగు కలుపుకుంటూ, తల ఎత్తకుండా అన్నారు.

"నాగపూర్ పార్టీ ఫోన్ చేశాడు. పోయిన నెల పంపిన కాయలు బాగున్నాయంట."

"మంచిదండీ."

"గడ్డిలో ఒక విజిల్ వచ్చిందంట. మీ వాళ్లదేనా అని అడుగుతున్నాడు."

నేను మజ్జిగ గ్లాసు జరిపాను.

"ఎర్రదారం కట్టి ఉందంట" అన్నారు. "పసుపు కూడా రాసి ఉందంట. మన షెడ్డులో విజిల్‌కి పసుపు రాసే మనిషెవరా అని ఆలోచిస్తున్నాను."

సాహితి పళ్లెంలోకి చూస్తూ దగ్గడం మొదలుపెట్టింది. దానికి మొదటి నుంచీ తెలుసేమో. నేను చెప్పడానికి నోరు తెరిచాను, కానీ నవ్వు వచ్చేసింది. ఈయనకీ వచ్చేసింది, పెరుగన్నం పొలమారింది. తల తట్టి నీళ్లిచ్చాను.

చెయ్యి కడుక్కుని షెడ్డుకి వెళ్తూ గుమ్మంలో ఆగారు.

"క్లీనరు ఊరెళ్లాడు. అప్పారావు రేపు పొద్దున్నే లారీ వెనక్కి పెట్టాలి" అన్నారు. "వచ్చి కాస్త కేక వెయ్యి. విజిల్ వద్దు."

ఇక ఇక్కడితో ఆపుతాను. సాహితీ, ఎప్పుడైనా అటక సర్దుతూ ఈ డైరీ చూస్తే పారెయ్యకు. బట్టల అడుగున పెట్టుకో, చెద పట్టకుండా కర్పూరం వెయ్యి. కానీ ఎవరికీ చూపించకు. మీ కాలేజీలో ఉదాహరణకి కూడా వద్దు. ముఖ్యంగా అప్పారావు కంట పడకూడదు. పాపం, నెయ్యి తిన్న విశ్వాసంతో ఉన్నాడు.

నాకు ఇంకో గోల్ ఉంది. దాన్ని ఇక్కడ కూడా రాయను.